చప్పుడు లేని బండి

“హీనా, మీ అమ్మీని అడుగు, నా ఖాకీ చొక్కా ఎక్కడ పెట్టిందో.”

షకీలా అక్కడికి రెండడుగుల దూరంలో, పొయ్యి దగ్గరే ఉంది.

“హీనా, మీ అబ్బాకి చెప్పు, కళ్ళెదురుగా దండెం మీదే ఉందని.”

“మీరిద్దరూ నన్ను వదిలితే నేను కాలేజీకి పోతా,” అంది హీనా జడకి రబ్బరు బ్యాండు బిగిస్తూ. “నాలుగు రోజుల్నించీ మీ మధ్య పోస్టుమేన్ పని చేస్తన్నా. ఈ ఉద్యోగానికి సెలవులు కూడా లేవు.”

నాలుగు రోజులంటే నిజంగా నాలుగు రోజులే. పోయిన శుక్రవారం నమాజు చేసుకొని అబ్దుల్ రహీమ్ ఇంటికొచ్చేసరికి వాకిట్లో బుల్లెట్ లేదు. పద్దెనిమిదేళ్ళుగా అది నిలబడే చోట ఆకాశం రంగు కరెంటు స్కూటరొకటి, కొత్త పెళ్ళికూతురిలా పూలదండ వేసుకొని నిలబడి ఉంది.

తప్పెవరిదని నన్నడిగితే, రహీమ్‌దే అంటాను. నరసరావుపేట కోర్టులో అమీనా ఆయన. సమన్లూ నోటీసులూ పట్టుకొని ఇంటింటికీ తిరిగి, “చదువుకొని సంతకం పెట్టండి” అని ఊరందరికీ నీతులు చెప్పే ఉద్యోగం. అలాంటి మనిషి, పెళ్ళాం అన్నం కంచం పక్కన పెట్టిన మూడు కాగితాల మీద ఎడమచేత్తో కూర కలుపుకునే తొందరలో చదవకుండా బరికేశాడు. బీమా కాగితాలనుకున్నాడట! అవి బండి అమ్మకం కాగితాలు.

ఎడమచేత్తో కూర ఎవరైనా కలుపుతారా అని మీరడగొచ్చు. కుడిచేత్తో సంతకం పెడుతున్నాడు మరి. అంత ఆకలి, అంత అజాగ్రత్త.

“హీనా, మీ అమ్మీకి చెప్పు. ఆ ఆడోళ్ళ బండెక్కి నేను బజార్లోకి పోతే ఈ ఊళ్ళో ఒక్కడు నాకు సలాం పెట్టడు.”

“హీనా, మీ అబ్బాకి చెప్పు. సలాములు నడుముకు రాస్తే నొప్పి తగ్గదని.”

“నేను పోతన్నా,” అంది హీనా. పుస్తకాలు చంకన పెట్టుకొని నిజంగానే వెళ్ళిపోయింది.

ఇంట్లో మాట ఆగిపోయింది. మోసేవాళ్ళు లేక ఇద్దరి మాటలూ ఎవరి నోట్లో వాళ్ళకే ఉండిపోయాయి.

షకీలా బాధ షకీలాది. పల్లెల బీటు ఉన్నన్నాళ్ళూ ఆమె బుల్లెట్‌ని ఒక్క మాట అనలేదు. గుంటల రోడ్లకు అదే సరైన బండి. ఈ ఏడాది ఆయనకు టౌను బీటు ఇచ్చారు. మల్లమ్మ సెంటర్ రద్దీలో క్లచ్చు పట్టీ పట్టీ ఎడమచెయ్యి తిమ్మిరెక్కుతోంది. సందుల్లో అంత బరువు బండిని కాలితో వెనక్కి నెట్టీ నెట్టీ నడుం పట్టేస్తోంది. పొద్దున్నే మంచం మీంచి లేవడానికి గోడ పట్టుకుంటాడు, కానీ ఆ సంగతి పైకి అనడు. అమీనా అబ్దుల్ రహీమ్ అంటే బుల్లెట్, బుల్లెట్ అంటే అమీనా అబ్దుల్ రహీమ్.

అప్పుడు ఫోను మోగింది. నాజరు గారు. రహీమ్ పై అధికారి.

“రహీమూ, రేపే వాయిదా. శివరామయ్య నోటీసు సంగతేంది?”

“ఇవాళ పోతాను సార్.”

“నాలుగుసార్లు పోయావు. నాలుగుసార్లూ ‘ఇంట లేరు’ అని రాసుకొచ్చావు. తలుపుకు అంటిస్తే, మా క్లయింటు ఆ ఇంట్లో ఉండటమే లేదని వకీలు వాదించాడు. మనిషికే ఇవ్వాలంటున్నారు జడ్జి గారు. ఇవాళ కూడా తిరిగొచ్చిందంటే నేను అడ్డుపడలేనయ్యా. మాచర్లకు పెట్టె సర్దుకో.”

ఫోను పెట్టేశాక రహీమ్ మంచం మీద కూర్చున్నాడు. మాచర్లంటే ఆయనకు భయమేమీ లేదు. ఆయన్ను తొలుస్తున్నది రామాయమ్మ.

రొంపిచెర్ల దగ్గర రామాయమ్మకు రెండెకరాల మిరప చేను ఉంది. ఆ చేనికి పోయే డొంక ఒక్కటే దారి. దానికి అడ్డంగా శివరామయ్య రాళ్ళు పాతించి ఇనుప గేటు బిగించాడు. ఊళ్ళో ఆయన మాటకు ఎదురు లేదు. ఆమె భర్త పోయిన మనిషి, అడిగేవాడు లేడు. చెట్ల మీద కాయ పండి ఎర్రగా ఉంది. కూలీలు లోపలికి పోలేరు, కోసినా బస్తా బయటికి రాదు. పండిన కాయ చెట్టు మీదే తాలుగా తెల్లబడిపోతోంది. గేటు తీయించమని ఆమె కోర్టుకెక్కింది. నోటీసు అందితే గానీ కేసు కదలదు. ఆ నోటీసు అందకుండా శివరామయ్య ఊరొదిలి, నరసరావుపేట ప్రకాష్‌నగర్‌లో కూతురి ఇంట్లో మకాం పెట్టాడు. అది ఊరందరికీ తెలుసు. రహీమ్ పోయిన ప్రతిసారీ మాత్రం ఆ ఇంట్లో కుర్చీ ఖాళీ, కాఫీ గ్లాసు వేడి.

కోర్టులో ఎవడో ముందే ఫోను చేస్తున్నాడని రహీమ్ అనుమానం. ఏ గుమాస్తా మొహం చూసినా వీడేనేమో అనిపించేది.

షకీలా వచ్చి ఎదురుగా నిలబడింది. చెయ్యి చాచింది. అందులో స్కూటర్ తాళం ఉంది.

“నేనెక్కను,” అన్నాడు రహీమ్. నాలుగు రోజుల్లో ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది.

“అయితే నడిచి పోండి. మీరు నడుచుకుంటా పోయిందాకా రామాయమ్మ కాయలు ఆగుతయిలే.”

తగలాల్సిన చోటే తగిలింది. రహీమ్ తాళం లాక్కున్నాడు.

జన్మలో మొదటిసారి హెల్మెట్ పెట్టుకున్నాడు. తలకాయ కాపాడుకుందామని కాదు, మొహం కనపడకుండా.

అనుకున్నంతా అయింది. మల్లమ్మ సెంటర్లో టీకొట్టు వాళ్ళు చూడలేదు. పూలకొట్టు ముసలామె చూడలేదు. రోజూ లేచి నిలబడి “సలాం అమీనా సాబ్” అనే జిరాక్స్ కుర్రాడు ఆయన పక్కనుంచే పోయాడు, తల కూడా తిప్పలేదు. పద్దెనిమిదేళ్ళు సంపాదించిన మర్యాద ఒక్క పొద్దుటితో కొట్టుకుపోయిందని రహీమ్ పళ్ళు నూరుకున్నాడు.

ఇంకో సంగతి కూడా ఆయన గమనించాడు, గమనించినందుకు తన మీద తనకే కోపమొచ్చింది. రెండు ఆటోల మధ్య సందులోంచి బండి దూరిపోయింది. క్లచ్చు లేదు, గేర్లు లేవు. సెంటర్ దాటి వచ్చినా ఎడమచెయ్యి తిమ్మిరెక్కలేదు. నడుం ఉన్నట్టే గుర్తు లేదు.

ప్రకాష్‌నగర్ పోయేముందు బరంపేటలో ఒక పాత సమను ఉంది. కిరాణాకొట్టు వెంకటేశ్వర్లుది. ఆరు నెలల్నించీ దొరకని మనిషి. ఎటూ దొరకడు, పోయి ‘ఇంట లేరు’ అని రాసుకొస్తే ఒక పని అయిపోతుందనుకొని రహీమ్ ఆ ఇంటి ముందు బండి ఆపాడు.

అరుగు మీద వెంకటేశ్వర్లు కూర్చొని పేపరు చదువుతున్నాడు!

“ఎవరు కావాలన్నా?” అన్నాడు పేపర్లోంచి తలెత్తకుండానే.

రహీమ్ హెల్మెట్ తీశాడు. వెంకటేశ్వర్లు చేతిలో పేపరు జారి కాలువలో పడింది.

“నువ్వా! ఎప్పుడొచ్చావు? చప్పుడేదీ?”

“ఏం చప్పుడు?”

“నీ డుబుడుబయ్యా! అది సెంటర్ మలుపు తిరగ్గానే నేను దొడ్డిగోడ దూకుతా. ఆరు నెలల్నించీ దూకుతన్నా. అరవయ్యేళ్ళోడిని, మోకాళ్ళు అరిగిపోయినయ్. చెప్పాపెట్టకుండా ఇట్టా వచ్చేస్తే ఎట్టా? ఇదేం అన్యాయం?”

“సంతకం ఇక్కడ,” అన్నాడు రహీమ్.

వెంకటేశ్వర్లు తిట్టుకుంటూనే పెట్టాడు. “మంచి బండే కొన్నావు గానీ, నా కొంప ముంచావు,” అని కూడా అన్నాడు.

రహీమ్ సందు చివరిదాకా వచ్చి బండి ఆపాడు. ఇన్నేళ్ళు, ఇన్ని నోటీసులు, ఇన్ని ‘ఇంట లేరు’లు! గుమాస్తాలను అనుమానించాడు, ప్యూనును అనుమానించాడు. ఫోను ఎవడూ చేయలేదు. తన రాకకు తనే దండోరా వేసుకుంటూ ఊరంతా తిరిగాడు. సలాములు తెచ్చిపెడుతోందని తను మురిసిపోయిన చప్పుడే అది. చచ్చేంత సిగ్గేసింది. ఆ వెంటనే, ఎవరూ చూడటం లేదు గనక, పడీపడీ నవ్వాడు.

ప్రకాష్‌నగర్ వైపు పోవాల్సిన బండిని ఇంటి వైపు తిప్పాడు.

“షకీలా, బురఖా వేసుకో. ప్రకాష్‌నగర్ పోవాల.”

షకీలా వాకిలి ఊడుస్తోంది. “హీనా కాలేజీకి పోయింది. ఎవురితో మాట్లాడతన్నారు?”

“నీతోనే.”

చీపురు ఆగింది. రహీమ్ వెంకటేశ్వర్లు సంగతి చెప్పాడు. శివరామయ్య ఉండే బజారు మొదట్లో కిళ్ళీ బంకు దగ్గర ఆయన మనిషొకడు కాపలా కూర్చుంటాడనీ, ఖాకీ చొక్కా ఒంటరిగా పోతే వాడు పసిగడతాడనీ, మొగుడూ పెళ్ళాం కూరగాయల సంచీతో పోతుంటే కన్నెత్తి కూడా చూడడనీ చెప్పాడు.

“అంటే, బండి మంచిదేనని ఒప్పుకున్నట్టా?”

రహీమ్ దండెం మీంచి తెల్లచొక్కా తీసుకొని బొత్తాలు పెట్టుకోవడంలో మునిగిపోయాడు.

“అడిగేది మిమ్మల్నే.”

“ముందు పని కానీవే. అక్కడ ఆమె కాయలు రాలిపోతన్నయ్.”

షకీలా బురఖా తగిలించుకుంది. సంచీలో రెండు సొరకాయలు పెట్టుకొని ఎక్కి కూర్చుంది. ఆమె ముఖంలో నవ్వు మాత్రం దాగలేదు.

బంకు దగ్గర కాపలావాడు ఫోనులో క్రికెట్ చూస్తున్నాడు. ఆకాశం రంగు బండి వాడి మోకాలికి జానెడు దూరంలోంచి పోయింది. వాడు కాలు వెనక్కి తీసుకొని మళ్ళీ క్రికెట్‌లో పడ్డాడు.

శివరామయ్య కూతురు భవ్య గేటు దగ్గర మొక్కలకు నీళ్ళు పోస్తోంది. ఎదురుగా యేసుపాదం ఇస్త్రీ బండి. వరండాలో కుర్చీలో శివరామయ్య, లుంగీ మీద, పాత తువ్వాలు మెడకు చుట్టుకొని కూర్చున్నాడు. మీసానికి నల్లరంగు దట్టంగా పట్టించాడు. ఆరేదాకా కదలకూడదని తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాడు.

రహీమ్ గేటు తీసుకొని నేరుగా వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

“సలాం శివరామయ్య గారూ.”

కళ్ళు తెరిచిన శివరామయ్య లేవబోయాడు. వెనక తలుపు దూరం, అమీనా దగ్గర. మీసం రంగు పెదవి మీదికి కారింది.

“నువ్వెట్టా వచ్చావురా?”

“బండి మీద. ఇది కోర్టు నోటీసు. రేపు వాయిదా.”

“తీసుకోను. ఏం చేస్తావో చేసుకో.”

“తీసుకోనన్నా చెల్లుతుంది. తీసుకోనన్నాడని ఇద్దరు సాక్షులు సంతకం పెడితే చాలు.”

శివరామయ్య పెద్దగా నవ్వాడు. పోయిన ధైర్యం మళ్ళీ వచ్చింది. లుంగీ ఎగ్గట్టి వరండా మెట్ల మీదికొచ్చి నిలబడ్డాడు.

“పిలువు! నా మీద సాక్షి సంతకం పెట్టే మొనగాడు ఈ బజార్లో ఎవుడున్నాడో నేనూ చూస్తా.”

రహీమ్ వీధి మధ్యకొచ్చాడు. “అయ్యా, అమ్మా, ఇద్దరు రండి. ఆయన తీసుకోనన్న మాట మీరు విన్నారు. విన్నది విన్నట్టు రాస్తే చాలు.”

పక్కింటి కిటికీ మూసుకుంది. ఎదురింటాయన స్కూలు టైమైందన్నట్టు వాచీ చూసుకొని లోపలికి పోయాడు. ఆయనకు స్కూలుకు పోయే పిల్లల్లేరు. పల్నాడులో కత్తికి ఎదురు నిలబడేవాళ్ళు దొరుకుతారు గానీ, కాగితం మీద పేరు రాసేవాళ్ళు దొరకరు. కత్తి ఒక్కరోజుతో పోతుంది, కాగితం ఏళ్ళ తరబడి ఉంటుంది.

“నేను పెడతాలే,” అన్నాడు యేసుపాదం. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, చేతులు తుడుచుకొని వచ్చాడు.

“ఒరేయ్ యేసుపాదం! రేపట్నించి నీ బండి ఈ బజార్లో ఉండదు.”

“బండికి చక్రాలుండయ్ సామీ. ఇంకో బజారుకి నెట్టుకుంటా.”

పెట్టాడు. ఒక సంతకం అయింది. ఇంకొకటి కావాలి.

“నేను పెడతా,” అని షకీలా ముందుకొచ్చింది.

“అమీనా పెళ్ళాం సాక్షి చెల్లదే,” అన్నాడు రహీమ్ నెమ్మదిగా. శివరామయ్య మళ్ళీ నవ్వాడు.

ఎవరూ రాలేదు. ఒక నిమిషం గడిచింది, రెండు నిమిషాలు గడిచాయి. రహీమ్ ప్రతి తలుపు వంకా చూశాడు. ఇంత దూరం వచ్చి, మనిషిని ఎదురుగా పెట్టుకొని కూడా కాగితం వెనక్కి పోతుందా?

“పెన్ను ఇటియ్యన్నా,” అంది ఎవరో వెనకనుంచి.

భవ్య. నీళ్ళ పైపు కింద పడేసి వచ్చింది.

“భవ్యా, లోపలికి పో,” అన్నాడు శివరామయ్య.

“పోను నాన్నా.”

“నీకు తెలీదు. ఇది మగోళ్ళ యవ్వారం.”

“రెండు నెలల్నించీ నా ఇంట్లో వెనక తలుపు దగ్గర మంచమేసుకొని పడుకుంటన్నావ్. కాలింగ్ బెల్ మోగితే నేను బయటికొచ్చి అబద్ధాలు చెప్తన్నా. నా బిడ్డ కూడా నేర్చుకుంది, తాతయ్య లేడని చెప్పడం. నాలుగేళ్ళ పిల్ల నాన్నా అది! ఇదేం మగోళ్ళ యవ్వారం?”

“నోరు ముయ్యవే.”

“ఆ డొంకలోనే నేను బడికి పోయా. వానొస్తే రామాయమ్మత్త యూరియా పట్టా కప్పి నన్ను రోడ్డు దాకా దింపేది. ఒక్కరోజు కాదు, ఐదేళ్ళు. నువ్వు ఒక్కనాడన్నా దింపావా? ఆమె దారికి గేటు పెట్టేదానికి నీకు చేతులెట్టా వచ్చినయ్?”

రహీమ్ పెన్ను ఇచ్చాడు. భవ్య కాగితాన్ని గేటు దిమ్మె మీద పరిచి, చదివి, పెట్టింది. పూర్తి పేరు రాసింది. ఇంటిపేరుతో సహా. కింద ‘ప్రతివాది కుమార్తె’ అని కూడా రాసింది.

మూసుకున్న కిటికీ ఒకటి తెరుచుకుంది. తర్వాత ఇంకొకటి. ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. యేసుపాదం మాత్రం ఆగలేదు, గట్టిగా కొట్టాడు.

రహీమ్ కాగితం మీద టైము వేశాడు. పదకొండూ ఇరవై. మడిచి జేబులో పెట్టుకున్నాడు. స్కూటర్ పక్కన నిలబడ్డ పెళ్ళాం వైపు తిరిగి, బజారంతా వినపడేటట్టు అన్నాడు.

“షకీలా, బండి మంచిది. నా బుర్రే చెడ్డది. నువ్వు గెలిచావే!”

షకీలా ముఖం తిప్పుకొని బురఖా అంచుతో కళ్ళు ఒత్తుకుంది. నాలుగు రోజుల కోపం మొత్తం ఆ తడిలోనే పోయింది.

“అన్నా, రామాయమ్మత్త ఎక్కడుంది?” అని అడిగింది భవ్య.

“కోర్టు వరండాలో కూర్చోనుంటదమ్మా. రోజూ పొద్దున్నే వస్తంది.”

“నన్ను అక్కడ దింపు. రేపు జడ్జి గారు అడిగితే ఆ డొంక ఎప్పట్నించి ఉందో నేను చెప్తా. ఆ మాట ముందు ఆమెకు చెప్పాల.”

బండేమో ఒకటి, మనుషులు ముగ్గురు. షకీలా సొరకాయల సంచీ మొగుడి చేతిలో పెట్టి, తాళం తీసేసుకుంది.

“నీకు నడపడం వచ్చా?”

“పదిహేను రోజులు హీనా స్నేహితురాలి బండి మీద నేర్చుకొనే కొన్నా. ఇంట్లో ఏం జరుగుతుందో చూసుకునే తీరిక మీకెక్కడిది? ఎక్కమ్మా భవ్యా. గట్టిగా పట్టుకో.”

ఇద్దరు ఆడవాళ్ళనూ ఎక్కించుకొని బండి కదిలింది. బంకు కాపలావాడు ఈసారి తలెత్తి చూశాడు, నోరు తెరుచుకొని చూస్తూనే ఉండిపోయాడు. మలుపు తిరిగి వాళ్ళు కనపడకుండా పోయారు.

సొరకాయలు చంకన పెట్టుకొని వీధి మధ్య నిలబడి రహీమ్ నవ్వుతున్నాడు. అంత ఆనందంగా ఆయన ఎప్పుడు నవ్వాడో ఆయనకే గుర్తులేదు.

“అమీనా గారూ.”

శివరామయ్య మెట్టు మీద కూలబడి ఉన్నాడు. మీసం రంగు గడ్డం దాకా కారింది, తుడుచుకోలేదు.

“వాయిదా ఎన్నింటికి?”

“పదిన్నరకండీ.”

ఆయన భవ్య పోయిన మలుపు వైపు చూశాడు. మళ్ళీ అడిగాడు, ఈసారి గొంతు సగం కూడా లేదు.

“మా అమ్మాయి నా మీద నిజంగానే చెప్తదంటావా? నా ఎదుట నిలబడి?”

రహీమ్ నవ్వు ఆపాడు. పాతికేళ్ళ ఉద్యోగంలో కొన్ని వేల సంతకాలు చూసిన మనిషి ఆయన.

“సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణకలేదు శివరామయ్య గారూ. నేను చూశాను.”